తువ్వాల కింద తుంటి బేరం

అడిగినవాళ్లకు లేదనకుండా పెట్టే మనిషిని ‘ఎముక లేని చెయ్యి’ అంటారు. సూర్యాపేట బట్టల బజారులో మా తాత నుంచి నా దాకా ఎవరి చెయ్యి పట్టుకుని చూసినా ఎముకలు ఒక్కటి తగ్గకుండా ఉండేవి. మా నాయన గుడ్డ కొలిచేటప్పుడు ఆ ఎముకలు ఇంకాస్త బిగుసుకునేవని గిట్టనివాళ్లు అనేవాళ్లు. గిట్టినవాళ్లు కూడా అనేవాళ్లు. దుకాణం అన్న చేతికి పోయింది. నేను ఫిజియోథెరపీ చదివి, కోదాడలో కొన్నేళ్లు, తర్వాత మిర్యాలగూడలో ఒక ప్రైవేటు దవాఖానలో మిగతా సర్వీసంతా, ఎముకలు విరిగినవాళ్లను నడిపించి రిటైరయ్యాను. గల్లా దగ్గర కూర్చోవలసినవాడు పోయి జనం కాళ్ల దగ్గర కూర్చున్నాడని మా అన్న ఇప్పటికీ దెప్పుతాడు.

ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు కలిసినప్పుడల్లా అడుగుతారు, ‘సార్, మీరు నడిపించినవాళ్లలో మరిచిపోలేని కేసు చెప్పండి’ అని. నేను నడిపించిన వాళ్లంతా మరిచిపోయేవాళ్లే తమ్ముడూ. గుర్తుండిపోయిన ఒక్కామెను నేను నడిపించలేదు. ఆమె నడిచింది. ఆ రెండింటికీ తేడా తెలుసుకోవడానికి నాకు ఉద్యోగం మొత్తం పట్టింది. మీకు ఊరికే చెబుతున్నాను. మా వంశంలో ఎవరూ దేన్నీ ఊరికే ఇవ్వలేదు కాబట్టి కాస్త విలువ ఇచ్చి వినండి.

మా పనిలో మందు తక్కువ, మాట ఎక్కువ. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయిన పెద్దవాళ్లను మర్నాడే మంచం దింపి నిలబెట్టాలి. మర్నాడే అనగానే రోగి ముఖం ఒక రకంగా అవుతుంది. చీర ధర చెప్పగానే కొనవచ్చినామె గుమ్మం దగ్గర విడిచిన చెప్పుల వైపు చూస్తుందే, అదే చూపు. నాకు ఆ చూపు పుట్టినప్పటి నుంచీ తెలుసు. బేరం అక్కడే మొదలవుతుంది. ముందు గేటు దాకా నడవాలంటాను. రోగి దండం పెడతాడు. పోనీ మెట్ల దాకా అంటాను. కన్నీళ్లు పెడతాడు. నేను చాలా నష్టపోతున్నట్టు ముఖం పెట్టి, సరే నీ కోసం ఆ తలుపు దాకా అంటాను. ఇంత మంచివాణ్ణి ఇంతసేపు తిట్టుకున్నానే అని బాధపడి తలుపు దాకా నడుస్తాడు. నాకు మొదటి నుంచీ కావలసింది తలుపే. ఈ విద్య ఏ కాలేజీలోనూ చెప్పరు, దుకాణంలో పుట్టాలి. రోగుల్ని గేటు దాకా నడవమనే నేను గేటు పక్కన పాన్ డబ్బాకు స్కూటరు మీద పోయేవాణ్ణి. అది వేరే సంగతి, తర్వాత వస్తుంది.

మా ఎముకల డాక్టరుగారు మనుషులతో కంటే ఎక్స్‌రేలతో ఎక్కువ మాట్లాడేవారు. ఎక్స్‌రే ఎదురు చెప్పదు, వెంట చుట్టాలను తీసుకురాదు. వార్డు మొత్తాన్నీ నడిపేది హెడ్ సిస్టరు. ఆమెది కోదాడ. మాటలో సగం సరిహద్దు అవతలి ఆంధ్ర జిల్లాల యాస. ఎంత తిట్టు తిట్టినా చివర ‘అండి’ తగిలించేది. ‘అండి’తో తిట్టించుకున్నవాడికి ఎదురు తిట్టే దారి దొరకదు. నాకు ఆ దారి ఇన్నేళ్లలోనూ దొరకలేదు.

ఇక ఆ కేసు. త్రిపురారం పక్క పల్లె నుంచి ఆటోలో తెచ్చారు ఆమెను. డెబ్భై ఏళ్లకు అటూ ఇటూ ఉంటుంది. తరాలుగా గొర్లు పెంచే ఇల్లు. కొంత పొలం, రెండు బర్రెలు. పొద్దున దొడ్డి తలుపు తీస్తుంటే ఒక గొర్రెపిల్ల మోకాళ్లకు అడ్డం దూరింది. ఆమె పక్కకు కూలబడింది. అంతే. మిద్దె మీది నుంచి పడలేదు, బండి గుద్దలేదు. నిలబడ్డచోట కూర్చున్నట్టు పడితే తుంటి ఎముక విరిగింది. ఆ గొర్రెపిల్లను పాపం ఊరు ఊరంతా తిట్టింది.

డాక్టరుగారు మాత్రం గొర్రెపిల్లను ఏమీ అనలేదు. ఎక్స్‌రే వెలుగుకు పెట్టి కొడుకును పిలిచారు. కొడుకు నలభై దాటినవాడు, భుజాన తువ్వాల, చేతిలో చెప్పులు. దవాఖాన లోపలికి చెప్పులతో రావొచ్చని ఎంత చెప్పినా వినేవాడు కాదు.

“పడ్డందుకు ఇరగలేదయ్యా ఇది. లోపల గుల్లయింది, అందుకే ఇరిగింది. ఇది చూడు, వెన్ను. ఇక్కడొకటి, ఇక్కడొకటి నలిగిపోయినయి. ఇప్పటియి గావు, ఎప్పుడో ఏండ్ల కిందియి.”

మిర్యాలగూడలో ఉన్నవాళ్లకు ఆ ఎక్స్‌రే చూడగానే రైసు మిల్లులో బస్తాల దొంతర గుర్తొస్తుంది. కింది వరసలో రెండు బస్తాలు చితికితే మీది వరస ముందుకు ఒరుగుతుందే, ఆమె వీపు అలా ఒరిగింది.

“ఏండ్ల కిందనా?” అన్నాడు కొడుకు. “మరి ఏనాడు నొప్పన్నది లేదు సార్ మా అవ్వ. గ్యాస్ అంటది గంతే. నాలుగు ముద్దలు తినంగనే కడుపు నిండింది అంటది. గట్టెక్కితే దమ్మొస్తది.”

“వీపు ముందుకు కూలింది. పక్కటెముకలు కడుపు మీదికి దిగినయి. కడుపుకు జాగ లేదు, ఊపిరితిత్తులకు జాగ లేదు. ఇగ ముద్ద ఎట్ల దిగాలె, ఊపిరి ఎట్ల ఆడాలె?”

“మరి ఇన్నేండ్లు ఏసిన గ్యాస్ గోలీలు?”

“అవి గ్యాస్‌కు,” అన్నారు డాక్టరుగారు, మళ్లీ ఎక్స్‌రే వైపు తిరిగి.

ఎముక అంటే ఇంటికి వేసిన దూలం లాంటిది, ఒకసారి వేస్తే పడి ఉంటుంది అనుకుంటాం. నేనూ చదువుకునే రోజుల్లో అలాగే అనుకుని పాసయ్యాను. తర్వాత డాక్టరుగారి దగ్గర విన్నది నా భాషలో చెబుతాను. ఎముక గోదాము. రక్తం దుకాణం. గుండె, కండరాలు, నరాలు వేళాపాళా లేకుండా వచ్చిపడే గిరాకీ. వాళ్లకు కాల్షియం కావాలి. సరుకు లేదు, రేపు రండి అంటే కుదరదు. గుండెను రేపు రమ్మన్న దుకాణాన్ని రేపు ఎవరూ తెరవరు. అందుకని తిండిలో సరుకు రాకపోతే ఒళ్లు గోదాములోంచి తీసి దుకాణం నింపుతుంది. ఆడవాళ్లకు నెలసరి నిలిచాక గోదాముకు తాళం కూడా వదులవుతుంది. దుకాణం మాత్రం ఎప్పుడూ కళకళలాడుతూ ఉంటుంది. రక్త పరీక్ష చేయిస్తే అంతా బాగుందనే వస్తుంది. గోదాము తలుపు తీసి చూసే రోజు ఎప్పుడొస్తుందంటే, ఇదిగో, గొర్రెపిల్ల అడ్డమొచ్చిన రోజు. రక్తం తయారయ్యేది ఆ గోదాము లోపలి మూలుగలోనే. ఎముక నుంచి కండకు, ఒంట్లో చక్కెరను అదుపు చేసే చోటుకు కబుర్లు కూడా పోతుంటాయట. ‘ఎముక మోసే కూలీ ఒక్కటే గాదయ్యా, ముచ్చట గూడ పెడ్తది’ అనేవారు డాక్టరుగారు. తను ముచ్చట పెట్టకపోయినా.

“పాలు తాగుతవా పెద్దమ్మా?” అని అడిగారాయన ఆమెను.

“పాలు తాగేటియి గావు సారూ, కేంద్రంల పోసేటియి,” అంది ఆమె. “చాయ తాగుత.”

డాక్టరుగారికి ఆ జవాబు వింతగా ఉన్నట్టుంది. నాకు లేదు. బట్టల దుకాణంలో పుట్టిన నేను పదో తరగతి దాకా తాన్ల చివర మిగిలిన ముక్కలతో కుట్టించిన చొక్కాలే తొడుక్కున్నాను. ఒక చెయ్యి గళ్లు, ఒక చెయ్యి చారలు. అమ్మేది తను వాడుకుంటే అది అమ్మకం ఎట్లా అవుతుంది?

తుంటి కీలులో విరిగిన గుండు తీసేసి కొత్తది వేశారు. ఆపరేషన్ చక్కగా అయింది. మర్నాడు నేను నాలుగు కాళ్ల స్టాండు తీసుకుని వార్డులోకి వెళ్లేసరికి మంచం కనబడలేదు. మంచం చుట్టూ చుట్టాలు. మన దగ్గర పరామర్శకు వట్టి చేతులతో ఎవరూ రారు కదా. బత్తాయిలు, బ్రెడ్డు, కొబ్బరి బోండాలు. వచ్చిన ప్రతి మనిషీ బత్తాయిలు తలగడ పక్కన పెట్టి, రోగి భుజాల మీద చెయ్యి వేసి ఇంకాస్త కిందికి పడుకోబెట్టడం. ప్రేమ ఎంతుంటే అంత కిందికి.

“లేవకక్కా, కుట్లు పిగులుతయి.”

“ఒంట్ల సత్తువ యాడున్నది వదినె, పండుకో. ఇన్నేండ్లు గొర్ల ఎంబడి తిరిగింది సాలదా?”

నేను స్టాండు ముందుకు జరిపాను. “ఇవ్వాల నిలబెట్టాలమ్మా. డాక్టరుగారు చెప్పిండు.”

“డాక్టరుకేంది, గాయన కన్నతల్లా?” అంది ఒకామె. “పడ్డ మనిషిని తెల్లారకముందే లేపి నడిపిచ్చుడు, గిదేం వైద్యం సారూ!”

హెడ్ సిస్టరు వచ్చింది. “ఏవండీ, మీరంతా చూసి పోడానికి వచ్చారా, దగ్గరుండి సాగనంపడానికి వచ్చారా అండి?” వార్డు ఖాళీ అయింది. బత్తాయిలు మిగిలాయి.

అప్పుడు బేరం మొదలుపెట్టాను. “పెద్దమ్మా, ఆ కిటికీ దాకా పోయొద్దామా? మంచి గాలి తగుల్తది.”

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. పళ్ల జతలు లెక్కపెట్టి వయసు కట్టేటప్పుడు పొట్టేలును చూసే చూపు అది.

“నీకు గావాల్సింది కిటికీ గాదు సారూ. మంచం దిగుడు. నువ్వు కిటికీ అంటవ్, నేను వద్దంట. సరే పెద్దమ్మా, మంచం దిగు సాలు అంటవ్. సంతల పొట్టేలును గిట్లనే అడుగుతరు.”

నా సరుకు అసలు ధర నాకంటే ముందు కొనేమనిషి చెప్పడం నా సర్వీసులో అదే మొదలు. అయినా సర్దుకుని, “సరే, నువ్వే చెప్పు. నీ మాటేంది?” అన్నాను.

“నా తాన అమ్మేటిది లేదు, కొనేటిది లేదు.”

బేరగాడికి ఇంతకు మించిన దెబ్బ లేదు. ఎక్కువన్నవాడితో బేరం ఆడవచ్చు, వద్దన్నవాడితో కూడా ఆడవచ్చు. అక్కర లేదన్నవాడితో ఏం ఆడతాం? అప్పుడే ఆమె చెప్పింది, భర్త సంగతి. ఆయనకూ తుంటే విరిగిందట. ఆపరేషన్ లేదు, నాటుకట్టు కట్టారు. పడుకోమన్నారు, పడుకున్నాడు. “పండినోడు ఇగ లేవలే. మా ఇంట్ల పడ్డోళ్లు లేసుడు లేదు సారూ. నాది అయిపోయింది. మంద ఉన్నది, కొడుకు బతుకుతడు. నన్ను సతాయించకు.”

ఏడవలేదు. కొట్టు కట్టేసే వేళ అయిందని చెప్పినంత మామూలుగా చెప్పింది.

ఇగ రోజులు నడిచాయి, ఆమె నడవలేదు. నేను స్టాండుతో పోవడం, ఆమె గోడ వైపు తిరగడం. ఎముక మంచం పడితే ఒంట్లో మిగతావన్నీ ఒకదాన్ని చూసి ఒకటి షట్టర్ దించుతాయి. బజారు బంద్ లాగానే. ముందు కడుపు బిగిసింది. తిండి మానేసింది. కాళ్లలో కండ చూస్తుండగానే జారిపోయింది. ఒక మధ్యాహ్నం కొడుకును భర్త పేరుతో పిలిచి మంద నీళ్లు తాగిందా అని అడిగింది. కొడుకు తాగిందన్నాడు. బయటికొచ్చి గోడకు ఒరిగి నిలబడ్డాడు.

డాక్టరుగారు వీపు మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నారు. “ఊపిరితిత్తుల అడుగున నెమ్ము చప్పుడు మొదలైంది,” అన్నారు నాతో, వరండాలోకి వచ్చాక. “ఈ ఒకటి రెండు రోజుల్ల నిలబెట్టకపోతే, నేను వేసిన కీలు బాగనే ఉంటది. ఆమె ఉండదు.”

మా దుకాణంలో ఆఖరి అస్త్రం ఒకటి ఉండేది. ఏ మాటకూ లొంగని గిరాకీ మీద మా నాయన దాన్ని తీసేవాడు. ‘ఇది ఆఖరి పీసమ్మా, సాయంత్రానికి ఉండదు.’ భయం పెట్టాలి. ఆమెకు భయం లేదు కాబట్టి కొడుకుకు పెడదామనుకున్నాను. మెట్ల దగ్గరికి పిలిచి చెప్పాను. “మీ అవ్వ లేవకపోతే ఏమైతదో ఎరికేనా? ఇరవై నాలుగు గంటలు మనిషి పక్కన ఉండాలె. పక్కకు తిప్పాలె, కడగాలె, చెంచతో తాగిపియ్యాలె. గొర్ల ఎంబడి పోవుడు బందు. ఆలోచించుకో.” ఇతను లోపలికి పోయి తల్లి మీద అరుస్తాడు, ఆమె కొడుకు కోసమైనా లేస్తుంది. ఇదీ నా లెక్క. అతను తల ఊపాడు. ఫోను తీసి పక్కకు పోయాడు. చుట్టాలను రావొద్దని చెప్పడానికి కాబోలని సంతోషించాను. మంచి బేరం కుదిరిన రోజు మా నాయన తాగినట్టు ఆ పూట చాయలో చక్కెర ఎక్కువ వేయించుకున్నాను.

మర్నాడు పొద్దున వార్డు బయట బెంచీ మీద కొడుకు పక్కన ఒక కొత్త మనిషి. తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు, భుజాన పెద్ద తువ్వాల. గొర్ల బేరగాడు. సంగతేమిటంటే, మనిషి పక్కన ఉండాలని సారు చెప్పాడు కాబట్టి, కొడుకు మంద మొత్తం అమ్మేసి తల్లి పక్కన ఉండిపోదామని నిశ్చయించుకున్నాడు. నేనొక కొడుకును బెదిరించబోయి మంచి కొడుకును తయారుచేశాను. దీనికి మందు ఏ పుస్తకంలోనూ లేదు.

హెడ్ సిస్టరు నా పక్కన వచ్చి నిలబడింది. “బాగుందండి మాస్టారూ. ఇన్నాళ్లూ మనుషులనే నడిపించేవారు. ఇప్పుడు గొర్రెలను కూడా నడిపించేస్తున్నారు కదండి, సంతకి.”

గొర్ల బేరం నోటితో ఆడరు, చుట్టూ చెవులుంటాయి. రెండు చేతుల మీద తువ్వాల కప్పుతారు. లోపల వేలు పట్టుకుని, మడిచి, నొక్కి ధర చెప్పుకుంటారు. పైన ముఖాలు వానల గురించి, పెళ్లిళ్ల గురించి మాట్లాడుకుంటూ ఉంటాయి. కుదిరితే చెయ్యి గట్టిగా నొక్కుతారు. నొక్కారా, ఇగ దేవుడు దిగొచ్చినా ఆ బేరం వెనక్కి పోదు. లోపల ఎంత నడిచిందో బయట ఎవరికీ చెప్పకూడదు. ఇంతటి మర్యాద మా బట్టల బజారులో నేనెప్పుడూ చూడలేదు.

బెంచీకి ఎదురుగానే వార్డు తలుపు. తలుపులోంచి చూస్తే ఆమె మంచం. నేను మంచం పక్కన స్టాండు పట్టుకుని నిలబడి ఉన్నాను. రోజూ నిలబడ్డట్టే. ఆమె గోడ వైపు నుంచి ఇటు తిరిగింది.

“గాడెవడు?”

“ఎవరో చుట్టం పెద్దమ్మా.”

“చుట్టం తువ్వాల కప్పుతడా?” తల కొంచెం ఎత్తింది. చూసింది. మంచం మీద ఆ చివర కాళ్ల వేళ్లు కదిలాయి. “మందనా?”

నేను స్టాండు కాళ్లు సర్దుతున్నట్టు కిందికి వంగాను.

“ఆ స్టాండు గిటు తే.”

నా నోరు ఊరుకోదు కదా. “ముందు మెల్లగ లేసి కూసోవాలె పెద్దమ్మా, తర్వాత...”

“బేరం మల్ల ఆడుదువుగని. తే.”

లేచింది. నేను నడుము పట్టుకున్నాను, హెడ్ సిస్టరు అవతలి పక్క వచ్చింది. ముందు స్టాండు, తర్వాత ఆపరేషన్ అయిన కాలు, తర్వాత మంచి కాలు. ఎన్నాళ్లుగానో గోడకు చెప్పిన పాఠం. గోడ వైపు తిరిగి అంతా విన్నదన్నమాట. నొప్పికి పళ్లు బిగించింది గానీ నోరు తెరవలేదు. తలుపు దగ్గర అప్పుడే బత్తాయిలతో దిగిన చుట్టాలు గొల్లుమన్నారు.

“అయ్యో లేసిందిరో! పట్టుకోండ్రి, పండవెట్టుండ్రి!”

“ఎవరన్నా చెయ్యి వేశారంటే మిమ్మల్నే పడుకోబెడతానండి ఆ మంచం మీద!” అంది హెడ్ సిస్టరు. ఎవరూ చెయ్యి వేయలేదు.

గడప దగ్గర ఆగి దగ్గింది. ఇన్నాళ్లూ పడుకుని దగ్గిన చిన్న దగ్గు కాదు. నిలబడి, లోపలి నుంచి తవ్వినట్టు దగ్గింది. ఆ చప్పుడుకు డాక్టరుగారు తన గదిలోంచి బయటికి వచ్చి, ఏదో మంచి కచేరీ జరుగుతున్నట్టు చేతులు కట్టుకుని నిలబడ్డారు.

బెంచీ దగ్గరికి చేరింది. ఒక చెయ్యి స్టాండు మీది నుంచి తీసింది. నా ప్రాణం పోయింది. నడుము ఇంకా గట్టిగా పట్టుకున్నాను. ఆ చెయ్యి తిన్నగా పోయి తువ్వాల కింద దూరింది.

“పడతవవ్వా!” కొడుకు సగం లేచాడు.

“పడ్డది సాలదా? ఇగ మందను గూడ పడగొట్టాల్నా?”

తువ్వాల లోపల ఏదో జరిగింది. మాకు కనబడింది బేరగాడి ముఖం ఒక్కటే. ముందు నవ్వు పోయింది, తర్వాత రంగు పోయింది.

“గంత యాడుంటదక్కా!”

“యాడుంటదో నాకెరికె. నేను మంచం పడ్డనని మందకు గూడ మంచం పడ్డ ధర గడ్తవా?”

“నీ కొడుకే ఒప్పుకుంటుండె.”

“ఒప్పుకుంటుండె. ఇంకా నొక్కలే గద. తియ్యి చెయ్యి.”

బేరగాడు చెయ్యి తీశాడు. తువ్వాల దులిపి భుజాన వేసుకుని, “లేవదని చెప్పిరి మరి,” అన్నాడు నా వైపు చూస్తూ. మాసిన సరుకును కొత్తదని అంటగట్టిన వ్యాపారిని చూసినట్టు చూశాడు. నాకు అలవాటైన చూపే. కాకపోతే ఈసారి బాగున్న సరుకును మాసిందని చెప్పాను.

కొడుకు పూర్తిగా లేచి స్టాండు పట్టుకున్నాడు. “మరి నిన్నెవరు జూడాలె అవ్వా? నేను గొర్ల ఎంబడి, నీ కోడలు బర్రెల ఎంబడి, పొలానికి పోతె నీ తాన ఎవరుండాలె? మనిషి ఉండాల్నని సారే జెప్పిండు.”

అందరూ నా వైపు తిరిగారు. బత్తాయిలు కూడా తిరిగినట్టే అనిపించింది.

“నువ్వు జెప్పినవా?” అంది ఆమె.

“లేవకపోతే అని చెప్పిన పెద్దమ్మా. లేవకపోతేనే.”

ఆమె కొడుకు వైపు తిరిగింది. “మరి లేసిన గద.”

అంతే. వాదన అయిపోయింది. డాక్టరుగారు చేతులు విప్పి, “వెనక్కి తీస్కపోండి, నొప్పికి ఇంజెక్షన్ ఇయ్యండి,” అని గదిలోకి పోయారు.

“ఇగ మోసుకపోండ్రి,” అంది ఆమె.

“మోసుడు లేదు పెద్దమ్మా. వచ్చిన తొవ్వనే పోవాలె.”

“మొన్న కిటికీ దాకనే అంటివి!”

“అది మొన్నటి ధర.”

నవ్వింది. నవ్వితే మళ్లీ దగ్గు వచ్చింది. దగ్గుతూ, నన్ను తిడుతూ, వచ్చిన తొవ్వనే నడిచి మంచం చేరింది. ఆ సాయంత్రం ఆకలి అంది. కోడలు గబగబా కంచం నిండా పెడితే హెడ్ సిస్టరు సగం తీసేసింది. “కొంచెం కొంచెం, ఎక్కువ సార్లు పెట్టాలండి. లోపల జాగా లేదు కదండి పాపం.” ఆమె నోట ‘పాపం’ అన్న మాట నేను విన్నది ఆ ఒక్కసారే.

కూలిన బస్తాలు మళ్లీ నిలబడవు. ఆమె వీపు నిటారు కాలేదు, కాదు కూడా. మిగిలిన ఎముకలు గుల్ల కాకుండా డాక్టరుగారు మందులు రాశారు. పాల సంగతి కోడలు చూసుకుంది. కేంద్రానికి క్యాను పోయేముందు అత్త గ్లాసు ముందు నిండేది. గ్యాస్ గోలీల డబ్బా ఆవాలు పోసుకోవడానికి పనికొచ్చిందట. మంద వెంట ఆమె పోలేదు. దొడ్డి తలుపు దగ్గర మంచం వేయించుకుని, పొద్దున పోయేటప్పుడు, సాయంత్రం వచ్చేటప్పుడు కర్ర పట్టుకుని నిలబడేది. గొర్లు ఒక్కొక్కటే ఆమె ముందు నుంచి పోవాలి. కూర్చుని చూస్తే లెక్క తెగదట. ఇది నేను చెప్పిన వ్యాయామం కాదు. నాకింత మంచి వ్యాయామం తోచి ఉండేది కాదు.

నేను రిటైరయ్యే వారం ఆమె చూపించుకోవడానికి వచ్చింది, కర్ర ఒక చేత, కొడుకు వెనక. అంతకు కొన్ని రోజుల ముందే డాక్టరుగారు దవాఖానలో అందరికీ ఎముకల బలం పరీక్ష చేయించారు. నా కాగితాన్ని కూడా ఎక్స్‌రేలాగే వెలుగుకు పెట్టి చూశారు. చివరికి, “నీ గోదాము గూడ ఖాళీ అయితున్నదయ్యా. జీవితమంత అందర్ని నడిపిచ్చినవ్, నువ్వు నడిచినవా?” అన్నారు. స్కూటరు నడిపానని చెప్పాను.

ఆమె నా ఎదురుగా నిలబడింది. “రిటైర్ అయితున్నవంట గద సారూ. ఇగ ఏం జేస్తవ్?”

“సూర్యాపేటల ఇల్లున్నది పెద్దమ్మా. అన్న దుకాణంల గల్లా కాడ హాయిగ కూసుంట.”

“కూసో. మంచిదే. మా ఇంటాయన గూడ ముందుగాల కూసున్నడు. తర్వాత పండిండు.”

అని, కొడుకు భుజం మీది తువ్వాల లాగి నా చెయ్యి మీద కప్పింది. రోజూ ఎంత నడుస్తవో చెప్పు, అంది. నేను పుట్టు బేరగాణ్ణి. చిటికెన వేలు చివర ఇచ్చాను. ఆమె దాన్ని తోసేసి ఇంకో వేలు పట్టుకుంది. నేను మడిచాను. ఆమె తెరిచింది. నేను మోకాళ్ల నొప్పులన్నాను, ఎండలన్నాను, సూర్యాపేటలో కుక్కలన్నాను. ఆమె పైన వానల గురించి మాట్లాడుతూ పోయింది. చివరికి నా చెయ్యి గట్టిగా నొక్కింది. నా వేళ్లు నొప్పి పెట్టాయి. ఆ చేతిలో ఎముకలకు ఏ లోటూ లేదు.

అందుకే పొద్దున్నే సూర్యాపేట రోడ్ల మీద నడుస్తున్నాను. దుకాణం తెరుస్తూ మా అన్న రోజూ అడుగుతాడు, ఎందాక రా అని. చెప్పను. తువ్వాల కింది మాట బయట చెప్పకూడదు. మీకూ చెప్పను. మొన్నీమధ్య మాత్రం, కొంచెం తగ్గించుకుందామని ఆమెకు ఫోను చేశాను. నా ఒంట్లో బాగుండటం లేదని, కాలం బాగాలేదని, చాలా దూరం నుంచి మొదలుపెట్టాను.

“చెయ్యి నొక్కినంక బేరమేంది సారూ,” అంది. “పెట్టేయ్, మంద వస్తున్నది. నేను నిలవడాలె.”

ఫోను పెట్టేయడం మరిచిపోయినట్టుంది. గొర్ల అరుపులు చాలాసేపు వినబడ్డాయి.